ఉబ్బని జాకెట్

"మనిషిని చంపబోయానంటున్నారమ్మా నన్ను. ఆలోచించగా ఆలోచించగా నాక్కూడా నిజమేనేమో అనిపిస్తోంది."

గుమ్మంలో చెప్పులు విడవకుండానే ఆ మాట అనేసి, ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీలో కూలబడిపోయిందావిడ. నలభై దాటిన మనిషి. భుజాలు చూస్తే బస్తాలు మోసేవాళ్ళకున్నంత గట్టిగా ఉన్నాయి గానీ, అందించిన మంచినీళ్ళ గ్లాసుని తాగకుండా రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది.

ఆ గది ఒక టైలర్ షాపు మీద ఉంది. కింద మెషిన్లు టకటకలాడుతుంటే పైన టేబుల్ మీద పెన్నులు కూడా సన్నగా అదురుతుంటాయి. ఆ టేబుల్ వెనక కూర్చునే మనిషిని ఊరంతా డిటెక్టివ్ మేడమ్ అంటుంది. పక్కన స్టూలు మీద కూర్చునే అసిస్టెంట్‌కి మాత్రం ఆవిడ వదిన. సొంత అన్నయ్య భార్య. మరిది అంతకుముందు డ్రైవింగ్ స్కూల్లో పనిచేసేవాడు. ఒకసారి ఇంట్లో పోయిన గొలుసుని వదిన కుర్చీలోంచి లేవకుండా నాలుగు ప్రశ్నలతో పట్టేయడం చూశాక, ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి ఈవిడ వెంట వచ్చేశాడు. "మా వదిన బుర్ర అలాంటిలాంటిది కాదండీ" అని బస్టాప్‌లో నించున్నవాళ్ళకి కూడా చెప్తుంటాడు.

"మీరు నీళ్ళలో పాఠాలు చెప్పే మనిషి కదూ?" అంది వదిన.

"ఎలా తెలిసింది?"

"మందు కలిపిన నీళ్ళకి జుట్టు రంగు వెలిసింది. మెళ్ళో ఈల తాడు ఒరుసుకున్న మచ్చ ఉంది. సర్లెండి, ముందు ఆ నీళ్ళు తాగి, తర్వాత మొదట్నించీ చెప్పండి."

ఆవిడ చెప్పుకొచ్చింది. కోస్ట్ గార్డ్ అకాడమీలో ట్రైనరు. అందరూ పూల్ మేడమ్ అంటారు. సముద్రం మీద పనికి వెళ్ళేవాడు ఎవడైనా సరే, కెప్టెన్ అవనీ వంటవాడవనీ, ఆవిడ చేతుల్లోంచి వచ్చాకే ఓడెక్కాలి. అక్కడ ఈతకొలనులో లైట్లు తగ్గించేసి, మెషిన్‌తో అలలు పుట్టించి, తుఫాన్లో ఓడ మీంచి దూకినట్టే దూకిస్తారు. మొన్న అలా దూకినవాళ్ళలో ఒక వంటాయన పైకి తేలలేదు. జాకెట్ ఉబ్బలేదు.

"నాకొకటి అర్థం కాలేదండీ. జాకెట్ ఉబ్బడమేంటి?" అన్నాడు మరిది. బాత్రూంలో బకెట్ నిండినా భయపడే రకం ఇతను.

"మా జాకెట్లు మామూలుగా చదునుగా ఉంటాయి. లోపల చిన్న గ్యాస్ సిలిండరు, బొటనవేలంత లావు. దానిమీద ఒక బిళ్ళ. తడి తగలగానే బిళ్ళ కరుగుతుంది, స్ప్రింగు సూదిని తోస్తుంది, సూది సిలిండర్ మూతి పొడుస్తుంది. గ్యాస్ బుస్సుమని జాకెట్లోకి వస్తుంది. ఇదంతా కళ్ళు మూసి తెరిచేలోపు."

"సిలిండరు ఖాళీదైతే?"

"అదే కదా! ఒకసారి వాడేసిన సిలిండరు పెట్టి పైన కొత్త బిళ్ళ వేస్తే, జాకెట్ మీద చిన్న కిటికీలో అంతా బాగుందన్నట్టు పచ్చరంగే కనిపిస్తుంది. అందుకే నేను ముందురోజు సాయంత్రం ప్రతిదీ విప్పి తూకం వేస్తాను. వేశానమ్మా. నా పిల్లల మీద ఒట్టు. అయినా నేను తూకం వెయ్యలేదనీ, పాత సిలిండరు వదిలేశాననీ అంటున్నారు. రేపు కమిటీ కూర్చుంటోంది. నా ట్రైనర్ లైసెన్సు తీసేసి, పోలీసు కేసు పెడతారట. వంటాయన భార్య ఆసుపత్రిలో అందరి ముందూ అడిగింది, 'మా ఆయన్ని మీ చేతుల్లో పెట్టాను కదమ్మా' అని. నేనేం జవాబు చెప్పను?"

వదిన కుర్చీ ముందుకి జరుపుకుంది. "దూకేముందు ఏం జరిగింది? చిన్న సంగతైనా వదలొద్దు."

"ఎవరి జాకెట్ వాళ్ళు సర్దుకుని ఒడ్డుకొచ్చారు. నాదొక అలవాటుందమ్మా. తనకోసం సర్దుకునేటప్పుడు 'ఏమవుతుందిలే' అనుకుంటాడు మనిషి. అందుకే చివరి నిమిషంలో పక్కవాడితో మార్చుకోమంటాను. ఓడ మీద నువ్వు సర్దిన జాకెట్ ఇంకెవరో వేసుకుంటారు కదా. ఆ భయం ఉండాలి. వంటాయనకి జోడీ చేప."

"చేపా?" అన్నాడు మరిది.

"కుర్రాళ్ళు పెట్టిన పేరండీ. అంత బాగా ఈదుతాడు. రెస్క్యూ ఉద్యోగానికి చూస్తున్నాడు. ఆరోజు వాడు జాకెట్ ఒక పట్టాన వదల్లేదు. నేనే కసిరాను, 'ఏంట్రా, పెళ్ళికి కుట్టించుకున్న కోటా? ఇచ్చెయ్' అని. అందరూ నవ్వారు. తర్వాత దూకారు. చేప పైకి తేలీ తేలగానే తన జాకెట్ బకిల్ లాగేసుకుంటున్నాడు. వీడికి పిచ్చెక్కిందా అని ఈల ఊదాను. అప్పుడు తలకాయలు లెక్కపెడితే ఒకటి తక్కువ. బట్టలతోనే దూకి నేనే బయటికి తీశాను. పాపం చేప లోపలికి మునగాలని గింజుకున్నాడు గానీ, ఉబ్బిన జాకెట్ వాణ్ణి పైకే తోసేస్తోంది. గోళ్ళు విరగ్గొట్టుకున్నాడు."

వదిన లేచి హ్యాండ్‌బ్యాగ్ తీసుకుంది. "మరిదీ, కారు తియ్యి. ఈ మనిషి చెప్పింది నిజమైతే, ఎవరో వంటాయన్ని చంపాలనుకోవాలి. వంటాయన్ని చంపాలని ఎవరికుంటుందో నాకైతే తోచట్లేదు."

"ఉప్పెక్కువ వేసుంటాడు వదినా."

"రోడ్డు చూసి నడుపు."

*

అకాడమీ ప్రిన్సిపాల్ ఒకప్పుడు ఓడలు నడిపిన ఆఫీసరు. పెద్ద సారంటారు. గదిలో ప్రతి వస్తువూ సీసాలో బొమ్మ ఓడని అమర్చినట్టు సర్దుంది. ఆయన బీరువా తెరిచి, ఆ జాకెట్‌ని కాస్త దూరంగా పట్టుకుని టేబుల్ మీద పెట్టాడు. దాన్ని ముట్టుకోవడం ఆయనకి ఇష్టం లేనట్టుంది.

"ఎవరూ విప్పలేదు. కమిటీ ముందు విప్పుదామనుకున్నాం."

"ఇప్పుడు మీ ముందే విప్పిస్తాను," అంది వదిన. పూల్ మేడమ్ సిలిండర్ తిప్పి తీసింది. వదిన భూతద్దంలో దాని మూతి చూసి మరిదికిచ్చింది.

"రంధ్రం ఉంది వదినా. సూది పొడిచింది కదా, ఉంటుంది."

"మళ్ళీ చూడు. తొందరపడకు."

మరిది ఒక కన్ను మూసి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని చూశాడు. "ఒకటి కాదు. రెండు! పక్కపక్కనే, కాస్త ఎడంగా."

పూల్ మేడమ్ ఆత్రంగా లాక్కుని చూసింది. అదేరోజు దూకిన మిగతావాళ్ళ జాకెట్లు తెప్పించి విప్పారు. అన్నిటికీ ఒక్కటే పోటు. పెద్ద సారు మొహం మబ్బుపట్టింది.

"అంటే పాతదే కదండీ. తూకం వెయ్యలేదనే కదా?" అన్నాడాయన.

"పాతదే. కానీ వేరే జాకెట్లో పేలింది. అందుకే పోట్లు రెండు చోట్ల పడ్డాయి. ఒక జాకెట్లో వాడిన సిలిండరు ఇంకో జాకెట్లోకి నడుచుకుంటూ వెళ్ళదు సార్. ఎవరో ఒకరు చేత్తో బిగించాలి. జాకెట్లు పెట్టే గది తాళాలెవరి దగ్గరున్నాయి?"

"ఈవిడ దగ్గర. నా దగ్గర. ఇంకొకటి సలహాల సారుకిచ్చాను."

సలహాల సారంటే ఓడల కంపెనీలకీ ఇలాంటి అకాడమీలకీ భద్రత గురించి సలహాలు చెప్పే కన్సల్టెంటు. అకాడమీకి గుర్తింపు కొనసాగించాలా వద్దా అని చూడ్డానికి వారం నుంచీ ఇక్కడే ఉంటున్నాడు. ఆయన ఒక మంచి మాట రాస్తేనే ఇక్కడివాళ్ళకి అన్నం.

కొలను దగ్గర, మునిగేవాళ్ళని కాపాడే గార్డుని కలిశారు. నడివయసు దాటిన మనిషి. మాటకి ముందో ఈల, వెనకో ఈల. కుర్రాళ్ళు ఈల మావయ్య అంటారు.

"వంటాయన దూకడం చూశారా?" అడిగింది వదిన.

"చూడకేమండీ, నా పనే అది."

"ఎలా దూకాడు?"

"ఎలా దూకుతారు, అందరిలాగే. ధబ్బుమని."

"ఏ కాలు ముందేశాడు?"

"గుర్తుండొద్దూ! ఇంతమంది దూకితే..."

"పోనీ చేప?"

"చేపా? కుడికాలు ముందేశాడండి. ఎడమచేత్తో ముక్కు మూసుకున్నాడు, కుడిచేత్తో జాకెట్ అదిమిపట్టాడు. చూపు తిన్నగా ఉంది. పైకి తేలాక ఒకసారి దగ్గాడు, జుట్టు వెనక్కి తోసుకున్నాడు..."

ఈల మావయ్య టక్కున ఆగిపోయాడు. బూటు కొనతో నేలమీద నీటిచుక్కని చెరపడం మొదలెట్టాడు.

"బాగా చూశారు," అంది వదిన మెత్తగా. అంతకుమించి అడగలేదు.

మరిది చెవిలో గొణిగాడు. "వదినా, వీడేనా?"

"నీకు కనపడ్డవాడల్లా వీడేనా. పద."

చేప బట్టలు మార్చుకునే గదిలో ఒక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. వేళ్ళకి ప్లాస్టర్లు. ఆ రోజు నుంచీ నీళ్ళలోకి దిగలేదట.

"జాకెట్ ఉబ్బాక విప్పడం కష్టమా బాబూ?"

"చాలా కష్టమండీ. బిగిసిపోతుంది."

"మరెందుకు విప్పబోయావు?"

"వంటాయన మునిగాడు కదా."

"ఆ చీకట్లో, ఆ అలల్లో కనిపించాడా?"

చేప ప్లాస్టర్ అంచు గిల్లుకున్నాడు. "పక్కనే దూకాడండీ," అన్నాడు.

ఆఖరికి సలహాల సారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. గొంతు కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంది. ఆరోజు పైన గ్యాలరీలో అద్దం వెనక స్టాప్‌వాచ్‌తో నించున్నానన్నాడు.

"జాకెట్ల గదిలోకి వెళ్ళారా?"

"తనిఖీకి వెళ్ళాను. చూశానంతే. ముట్టుకోలేదు. అవతలివాళ్ళ పనిలో వేలు పెట్టడం మా వృత్తి కాదు."

"దూకేముందు ఏం జరిగింది?"

"ఏముంటుంది? ఎవరు సర్దుకున్న జాకెట్ వాళ్ళేసుకున్నారు. దూకారు. ఒకటి పనిచెయ్యలేదు. బాధాకరం. కానీ భద్రతలో జాలికి చోటు లేదండీ. తప్పు చేసినవాళ్ళు తప్పుకోవాలి."

వదిన నమస్కారం పెట్టి బయటికొచ్చింది. కొలను ఒడ్డు నుంచి గ్యాలరీ మెట్లెక్కి చూసింది. మెట్లు గోడ వెనకగా తిరుగుతాయి. ఎక్కుతున్నంతసేపూ కొలను కనపడదు. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. మరిది ఆయాసపడుతూ కింద మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

"మరిదీ, నువ్వు డ్రైవింగ్ నేర్పేటప్పుడు, కుర్రాడికి చెప్పకుండా బ్రేకు పీకేసి ఎలా నడుపుతాడో చూసేవాడివా?"

"అమ్మో! ఎవడైనా చస్తాడు వదినా!"

"పక్కన నీ కాలికింద ఇంకో బ్రేకుంటే?"

"అప్పుడైనా నాకు తెలియాలి కదా, వాడి బ్రేకు లేదని."

వదిన అతనివంక చాలా మెచ్చుకోలుగా చూసింది. దేనికి మెచ్చుకుందో మరిదికి బొత్తిగా అర్థం కాలేదు గానీ, ఆ పూటంతా హుషారుగా ఉన్నాడు.

*

మర్నాడు కమిటీకి ముందు అందరినీ కొలను ఒడ్డుకే రమ్మంది వదిన. పెద్ద సారు, సలహాల సారు, ఈల మావయ్య, చేప, పూల్ మేడమ్ వచ్చారు. వంటాయన భార్య ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చి, గోడవారగా నిలబడింది. ఆయన తెల్లారి కళ్ళు తెరిచాడట. మాట ఇంకా గుసగుసలాగే వస్తోందట. అలల మెషిన్ ఆపేసి ఉంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"నేను మొదట తప్పు ప్రశ్న వేసుకున్నాను," అంది వదిన. "వంటాయన్ని చంపాలని ఎవరికుంది అని. ఎవరికీ లేదు. ఆ జాకెట్ వంటాయన కోసం పెట్టింది కాదు. దూకబోయే చివరి నిమిషం దాకా అది చేప ఒంటి మీదుంది."

అందరూ చేపవైపు తిరిగారు. చేప నీళ్ళవైపు చూస్తున్నాడు.

"చేపని చంపాలని ఎవరికైనా ఉందా? అదీ లేదు. జాకెట్ లేకపోయినా చేపకేం కాదు. మునగనివాడికి ఉబ్బని జాకెట్ ఎందుకిస్తారు? మునిగినట్టు నటించడానికి. ఇక్కడ చెప్పాపెట్టకుండా పరీక్షలు పెడుతుంటారు. ఒకడు ఆపదలో ఉన్నట్టు నటిస్తాడు, ట్రైనరూ గార్డూ ఎంత త్వరగా కదులుతారో పైనించి ఒకరు స్టాప్‌వాచ్‌తో చూస్తారు. జాకెట్ ఉబ్బి తేలుతుంటే మునిగినట్టు నటించలేరు కదా. అందుకని మేడమ్ తూకం వేసి వెళ్ళాక, ఎవరో ఆ గదిలోకి వెళ్ళి, సిలిండరు తీసి, వాడేసింది బిగించారు."

"ఇదంతా ఊహ," అన్నాడు సలహాల సారు.

"కాదనను. మరి ఈల మావయ్యగారికి ఇంతమందిలో చేప ఒక్కడే ఎందుకు కనిపించాడు? చేప దగ్గు కూడా గుర్తుందాయనకి, వంటాయన కాలు గుర్తులేదు. చేపనే చూడమని ఎవరో ముందే చెప్పారు. చేప చక్కగా తేలాడు. ఇదేంటి, మునగాల్సినవాడు తేలాడేంటని ఈయన అటే చూస్తుండిపోయాడు. ఇటు పక్క నిజంగా మునిగిపోతున్న మనిషిని చూడ్డానికి ఒక్క కన్ను కూడా మిగల్లేదు. ఎవరు చెప్పారు మావయ్యా?"

ఈల మావయ్య పెద్ద సారువైపు చూశాడు. పెద్ద సారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేనే," అన్నాడు. "చేపతో ఒక పరీక్ష ఉందని సలహాల సారు నాతో మాటవరసకి అన్నాడు. మా అకాడమీ గట్టెక్కాలని ఈల మావయ్యకి చెప్పాను. కానీ జాకెట్ సంగతి తెలీదు. నా నౌకరీ మీద ఒట్టు."

"మీ మాట నమ్ముతాను. ఇక మేడమ్ అలవాటు. మార్చుకోమనడం. సలహాల సారూ, ఇక్కడ ఎవర్నడిగినా మొదట చెప్పేది ఆ సంగతే. మీరొక్కరే 'ఎవరిది వాళ్ళేసుకున్నారు' అన్నారు. ఆ సమయానికి మీరు మెట్లెక్కుతున్నారు, కనపడలేదు. సరే. కానీ ఇన్నిరోజుల్లో తెలుసుకోలేదెందుకు? ఎవర్నైనా అడిగితే, మీకెందుకా ఆరా అంటారని భయం. చేప మాట్లాడ్డానికి వస్తే తప్పించుకు తిరిగుంటారు. మీరు పరీక్షించదలుచుకుంది మేడమ్‌నే కాబట్టి మేడమ్‌కి చెప్పలేదు. పక్కన కూర్చున్న మనిషికి చెప్పకుండా బ్రేకు పీకేశారు. తర్వాత నేరం ఆవిడ మీదకి నెట్టి ఊరుకున్నారు."

మరిది ఛాతీ రెండంగుళాలు పొంగింది. బ్రేకు మాట తనదే!

సలహాల సారు నవ్వబోయాడు గానీ నవ్వు పెదాల దగ్గరే ఆగింది. "కథ బాగుంది. కానీ సిలిండరు నేనే పెట్టానని చెప్పేదెవరు? తాళం ముగ్గురి దగ్గరుంది. ఈవిడ దగ్గర కూడా."

అదీ నిజమే. వదిన ఆయన వైపు చూడనైనా లేదు. వెళ్ళి చేప ఎదురుగా నిలబడింది.

"బాబూ, ఎవరూ గమనించకముందే నువ్వు జాకెట్ విప్పబోయావు. ఆ చీకట్లో నీకు ఆయన కనపడలేదు. కనపడక్కర్లేదు కూడా. ఆ జాకెట్ ఉబ్బదని ఒడ్డు మీదే నీకు తెలుసు. మూడ్రోజులుగా నువ్వు మింగలేక కక్కలేక ఉన్నది అదే. నువ్వు చెప్తే నీకు రెస్క్యూ ఉద్యోగం రాకపోవచ్చు. చెప్పకపోతే ఈవిడ లైసెన్సు పోతుంది. నేను ఒత్తిడి చెయ్యను. ఎటన్నది నువ్వే చూసుకో."

చేప నీళ్ళ మీంచి చూపు తిప్పి పూల్ మేడమ్ వైపు చూశాడు.

"సలహాల సారే ఇచ్చారు," అన్నాడు చేప. "నా కళ్ళముందే బిగించారు. 'నువ్వు చేపవి కదా, ఒక్క నిమిషం మునిగినట్టు చెయ్యి, నీ ఉద్యోగానికి నేను చెప్తాను' అన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. మేడమ్ మార్చుకోమన్నప్పుడు నోటిదాకా వచ్చిందండీ. చెప్తే పరీక్ష పాడవుతుందనుకున్నా. ఇంతమంది ఉన్నారు, ఎవరో ఒకరు చూస్తార్లే అనుకున్నా. నేనే తీసేస్తాలే అనుకున్నా. జాకెట్ ఉబ్బితే నేను మునగలేనన్న సంగతి..." ప్లాస్టర్లున్న వేళ్ళు చూసుకున్నాడు. "అంత చిన్న సంగతి నాకు తట్టలేదండీ. నీళ్ళలో పుట్టినట్టు తిరిగేవాణ్ణి."

సలహాల సారు ఏదో అనబోయాడు. పెద్ద సారు టోపీ మళ్ళీ పెట్టుకుని, "మీరు నాతో రండి. కమిటీకి మీరే చెప్పుకోవాలి. నేనూ చెప్పుకోవాలి," అన్నాడు. ఆ గొంతులో ఓడ నడిపినప్పటి ఆఫీసరు పలికాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే ఈల మావయ్య, తలొంచుకుని.

పూల్ మేడమ్ బెంచీ మీద కూర్చుండిపోయింది. గెలిచిన మనిషిలా లేదు. "మార్చుకోమన్నది నేనే కదమ్మా," అంది.

"మీరు మంచికే అన్నారు. మీకు నిజం చెప్పుంటే అనేవారే కాదు."

"అయినా అన్నాను."

వదిన వెళ్ళి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుంది.

అప్పటిదాకా గోడవారగా ఉన్న వంటాయన భార్య మెల్లగా వచ్చి చేప ముందు నిలబడింది. కొడుతుందేమోనని మరిది ఒకడుగు ముందుకేశాడు. ఆవిడ కొట్టలేదు.

"ఇందాక చెప్పావే, ఆ మాట మాక్కాదు. ఆయనకి చెప్పు. నీళ్ళలో తనే చేతులు సరిగా వెయ్యలేదనుకుంటున్నాడు. కళ్ళు తెరిచిన దగ్గర్నుంచీ నాతో అదే మాట. 'నాకు చేతకాలేదే' అని."

చేప తలూపాడు. పూల్ మేడమ్ లేచింది. "పద, నేనూ వస్తా."

మరిది కారు తీశాడు. ఆసుపత్రి గేటు దగ్గర చేప ముందు సీటు వైపు వంగాడు. "అన్నా, ఏమని మొదలెట్టాలి?"

మరిది అద్దంలో వదినవైపు చూశాడు.

"కుశలప్రశ్నలు వద్దు," అంది వదిన. "జాకెట్ దగ్గర మొదలెట్టు."

వంటాయన భార్య, పూల్ మేడమ్, చేప వార్డు తలుపు తోసుకుని లోపలికెళ్ళారు. వదిన, మరిది వరండాలో నిలబడ్డారు. తలుపులోంచి చేప గొంతు సన్నగా, ఆగి ఆగి వినిపిస్తోంది. తర్వాత అదీ ఆగిపోయింది.

"వంటాయన ఏమంటాడో విందామా వదినా?" అన్నాడు మరిది తలుపువైపు జరుగుతూ.

"వద్దు. మన పని అయిపోయింది. అది వాళ్ళ మాట."

తలుపు తెరుచుకుంది. వంటాయన భార్య బయటికి తొంగిచూసింది. కళ్ళు తుడుచుకున్న తడి ఇంకా చెంపమీదే ఉంది.

"ఏమండీ, ఇంకో కుర్చీ దొరుకుతుందా?" అంది. "లోపల ఒకటే ఉంది. ఆ అబ్బాయిని కూర్చోమంటున్నారాయన."